అమ్మో, సాయంత్రంలో ఇన్ని వేళలా!

దిబ్బరొట్టె పైపెచ్చు తుంచినప్పుడు వచ్చే చప్పుడు ఎప్పుడైనా విన్నారా? కరకర కాదు, పటపట కాదు, ఆ రెంటికీ మధ్య ఏదో! ఎర్రగా, గట్టిగా, నూనె మెరుపుతో నిగనిగలాడే పెచ్చు. దాని కింద తెల్లగా, మెత్తగా, గుల్లగా, ఆవిరి కక్కుతున్న లోపలి భాగం! ఓ ముక్క తుంచి చెరకు పానకంలో ముంచి నోట్లో పెట్టుకుంటే ముందు మినప్పిండి కమ్మదనం, వెనకే పానకం తీపి, చివర్లో మాడీ మాడని అడుగు రుచి!

కాలు ఒక్కచోట నిలవడం లేదు నాకు!

పాలకొల్లు, నరసాపురం వైపు ఇళ్లలో ఇది మామూలు తిండేనట. నేను పేరు విన్నాను, అంతే. దాన్ని చెరకు పానకంతో తింటారని నాకు తెలియనే తెలియదు! మీలో గోదావరి వాళ్లు నవ్వుకుంటే నవ్వుకోండి. మిగతా వాళ్లు మాత్రం వెంటనే, ఈ వారమే, ఎవరింట్లోనైనా చేయించుకుని తినండి!

ఇదంతా ఒక మెనూ కార్డు పుణ్యం.

మా పెదనాన్నగారి అబ్బాయి హైదరాబాదులో, ఉప్పల్ వైపు చిన్న రెస్టారెంటు తెరవబోతున్నాడు. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పదిన్నర వరకే. "మెనూ రాశానమ్మా, ఓసారి చూడు. సాయంత్రం పూట బయటికొస్తే ఏం తినాలనిపిస్తుందో మీ అపార్ట్‌మెంటులో నలుగురినీ అడిగి చెప్పు" అన్నాడు అన్నయ్య. అతను రాసిన కార్డు మీకూ తెలిసిందే. సూపులు, మంచూరియా, చిల్లీ చికెన్, తందూరీ, నాన్, నూడుల్స్, బిర్యానీ. అది పట్టుకుని గడప గడపకీ వెళ్లాను. బిర్యానీ వద్దని ఒక్కరూ అనలేదు. కానీ అందరూ కార్డు పక్కన పెట్టి, కళ్లు పెద్దవి చేసుకుని, తమ ఊళ్లో సందెవేళ ఏం తినేవాళ్లో చెప్పడం మొదలుపెట్టారు! కొందరు చెప్పి ఊరుకోలేదు, పొయ్యి వెలిగించారు!

ఒక్కో గుమ్మం ఒక్కో జిల్లా! ఒక్కో జిల్లాకు ఒక్కో సాయంత్రం!

దిబ్బరొట్టె మూడో అంతస్తు బామ్మగారిది. మినప్పప్పు నానబెట్టి రుబ్బి, బియ్యపురవ్వ కలిపి, మందపాటి ఇనప మూకుడులో నూనె వేసి, ఆ పిండి మందంగా పోసి, మూత పెట్టి సన్నసెగ మీద వదిలేశారు. వదిలేయడమే! నేను రెండుసార్లు మూత తీయబోతే చేతిమీద చిన్న దెబ్బ వేశారు. వెనకటికి కుంపటి మీద పెట్టి, మూతమీద కూడా నిప్పులు వేసేవాళ్లట. "దీనికి ముప్పావుగంట పడుతుందమ్మా, హోటల్లో ఎవరాగుతారు?" అన్నారావిడ.

ఆగుతారు బామ్మగారూ, ఎందుకు ఆగరు! ముప్పావుగంట పడుతుందని ముందే తెలిస్తే ఆగుతారు. ఫోన్ చేసి చెప్పి మరీ బయల్దేరతారు. కార్డు మీద దిబ్బరొట్టె పక్కనే "తయారీకి 45 నిమిషాలు" అని రాసి పెడితే చాలు! ఎంత చిన్న మాట, ఎంత పెద్ద సాయం! ఆ రోజు నుంచీ ఏ హోటల్లో మెనూ తెరిచినా ధర పక్కన టైము కోసం వెతుకుతున్నాను.

అసలు కనుక్కున్నది చెప్పనివ్వండి, దీని కోసమే ఇంత హడావుడి. సాయంత్రం అంటే ఒక్క వేళ కాదు! నాలుగింటికి ఆకలి వేరు, ఏడింటికి వేరు, తొమ్మిదింటికి వేరు, పదింటికి వేరే వేరు! జనం మెనూలో చూడాలనుకుంటున్నది ఆ వేళలనే. అంతేకాదు, వంటలకు కూడా వేళలున్నాయి. కొన్ని పొయ్యి దిగిన నిమిషంలో తినాలి, కొన్ని పొద్దున వండితే రాత్రికి రుచి తేలతాయి. ఈ సంగతి ఒంటపట్టాక వంటగది మొత్తం నాకు కొత్తగా కనిపిస్తోంది!

బజ్జీనే తీసుకోండి. మిరపకాయ బజ్జీ మూకుడులోంచి పైకొచ్చిన పది నిమిషాలకు ఎందుకు మెత్తబడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? నేను ఆలోచించలేదు. లోపలి మిరపకాయలో తడి ఉంటుంది కదా, అది ఆవిరై బయటికి వస్తూ శనగపిండి పొరను తడిపేస్తుంది! అందుకే బజ్జీని వరసలో నిలబడి తినాలి, వేళ్లు కాల్చుకుంటూ తినాలి, నిలువునా చీల్చి సన్నగా తరిగిన ఉల్లిపాయ కూరి, నిమ్మకాయ పిండి, కళ్లలో నీళ్లు తెచ్చుకుంటూ తినాలి! వేయించి గాజు పెట్టెలో పెట్టేశారంటే ఇంకేం మిగిలింది?

ఇక్కడే మొదటి అంతస్తు మాస్టారు ఒక మాట అన్నారు, నేను కుర్చీలోంచి లేచాను. "బజ్జీ సరే, నూనె ఎప్పుడు మారుస్తారో కార్డు మీద రాయమను" అన్నారాయన. దానికో లెక్క ఉందట! కాగిన నూనెను మళ్లీ మళ్లీ కాచేకొద్దీ అందులో కొన్ని చెడు పదార్థాలు పేరుకుంటాయి, వాటిని టోటల్ పోలార్ కాంపౌండ్స్ అంటారు. అవి 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జూలై నుంచి నిబంధన అమలు చేసింది! చేతిలో పట్టే చిన్న మీటరు ఉంటుంది, వేడి నూనెలో ముంచితే అంకె చూపిస్తుంది! పారబోయాల్సిన ఆ నూనెను పోగుచేసి బయోడీజిల్ చేస్తారు! బజ్జీలు వేయించిన నూనెతో బండి నడుస్తుంది!

అన్నయ్యకు అప్పటికప్పుడు ఫోన్ చేసేశాను. ఆ అంకెను గోడమీద నల్లబల్ల పెట్టి రోజూ రాస్తానన్నాడు. అలా రాసిన హోటల్ నేనింతవరకు చూడలేదు. మీరు చూస్తే నాకు చెప్పండి, పరుగెత్తుకుంటూ వస్తాను!

ఇక సర్వపిండి. అయ్యో, సర్వపిండి గురించి ఎక్కడ మొదలుపెట్టను!

కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఎదురింటి అత్తమ్మ బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, వెల్లుల్లి, కారం వేసి కలిపి, గుండ్రటి గిన్నె లోపల, గోడలకు కూడా అంటేలా చేత్తో ఒత్తేసింది. పెనం మీద కాదు, గిన్నె లోపల! వేలితో చిల్లులు పెట్టి ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసి మూత పెట్టింది. కాసేపటికి ఆ గిన్నెలోంచి వచ్చిన వాసన! మాడుతున్న నువ్వులు, వేగుతున్న కరివేపాకు, పల్లీ నూనె, అన్నీ ఒకేసారి! గిన్నె వంపు అలాగే నిలిచిన రొట్టె ఊడొచ్చింది. అంచు కరకర, నడుమ మెత్తన, పంటికింద పల్లీ, మధ్యలో ఎక్కడో ఘాటు!

"ఉడుకుడుకు తినాలె బిడ్డా, సల్లగైతే ఏం మజా ఉంటది?" అంది అత్తమ్మ. ఒకదాని తర్వాత ఒకటి చేయాలంటే గిన్నె చల్లారేదాకా ఆగాలట, లేకపోతే పిండి అంటుకోదట. అంటే రెస్టారెంటులో ఇది పెట్టాలంటే ఒక గిన్నె సరిపోదు, గిన్నెల వరుస కావాలి! ఇదే వంట ఆంధ్ర వైపు తపేలా చెక్క పేరుతో ఉందని ఆ సాయంత్రమే తెలిసింది. ఈ మూల నుంచి ఆ మూలకు అదే చేతివాటం, అవే చిల్లులు! ఎంత అబ్బురం!

ఉగ్గాని తిన్నారా? కర్నూలు, అనంతపురం వాళ్లు ఇక్కడ చదవడం ఆపి పొంగిపోతారని తెలుసు. తినని వాళ్ల కోసం చెబుతున్నాను: బొరుగులు, అంటే మరమరాలు, నీళ్లలో ముంచి గట్టిగా పిండి, ఉల్లి, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో కలిపి, మీద పుట్నాల పొడి చల్లి, నిమ్మరసం పిండుతారు. దాని పక్కన మిరపకాయ బజ్జీ. మెత్తటి పుల్లటి ఉగ్గాని ఒక ముద్ద, కారపు బజ్జీ ఒక కొరుకు, మళ్లీ ముద్ద, మళ్లీ కొరుకు! పొద్దున టిఫినుగా ఎంత బాగుంటుందో సాయంత్రం ఐదింటికి అంత బాగుంటుంది. కడుపు బరువెక్కదు, రాత్రి భోజనానికి చోటు మిగులుతుంది. వండడానికి పది నిమిషాలు చాలు. కొత్త రెస్టారెంటుకు ఇంతకన్నా ఏం కావాలి!

సూపుల వరుస మీద నాకు పెద్దగా ఆశ లేకపోయింది. కార్డులో స్వీట్ కార్న్ ఉంది, హాట్ అండ్ సోర్ ఉంది, సరే. అప్పుడు రెండో అంతస్తు ఆపా ఒక గిన్నె చేతికిచ్చారు. మరగ్! హైదరాబాదు పెళ్లి విందుల్లో ముందుగా వడ్డించే పల్చటి మటన్ రసం. ఎముక ముక్కలతో, మిరియాల ఘాటుతో, పాల రంగులో, గొంతులోంచి నేరుగా గుండెలోకి దిగిపోయింది! ఇన్నాళ్లూ హైదరాబాదులో ఉండి ఇది రుచి చూడలేదు నేను! ఇది ఉండగా వేరే సూపు దేనికి? దీని పక్కన శాకాహారులకు ఉలవచారు పెట్టాలి. ఉలవలు ఉడికించిన నీటినే గంటలకొద్దీ మరిగించి మరిగించి చిక్కబరుస్తారు. ముదురు గోధుమరంగు, మట్టివాసన, మీద ఒక చెంచా మీగడ! గిన్నెలో పోసుకుని తాగేయొచ్చు.

ఇక ఎనిమిది గంటలు. అసలు భోజనం.

రాయలసీమ పెద్దాయన ఒకరు మా వాకింగ్ ట్రాకు మీద రోజూ కనిపిస్తారు. ఆయన్నీ అడిగాను. "సంగటి పెట్టమను నాయనా. సల్లారినాంక తింటే ఏముంటాది? ఉడుకుడుగ్గా తినాల" అన్నారు. అన్నం మెత్తగా ఉడుకుతుండగా దాని మీద రాగిపిండి గుట్టగా పోసి, కాసేపు కదపకుండా ఉంచి, తర్వాత కట్టెతో బలంకొద్దీ కెలుకుతారు. ఉండ చేసి కంచంలో పెడతారు. నడుమ గుంట చేసి నెయ్యి పోస్తారు. పక్కన నాటుకోడి పులుసు, లేదా పల్లీలతో చేసిన ఊరిబిండి. తుంచి, ముంచి, మింగేయడమే, నమలడం లేదు! నేను మొదటి ముద్ద నమలబోతే ఆయన చెయ్యి ఊపి ఆపారు. మింగాను. వేడివేడిగా, నున్నగా జారిపోయింది! చల్లారితే ఆ ఉండ గట్టిపడి ఆ జారుడు పోతుంది. అందుకే సంగటి ముందే చేసి పెట్టుకుంటే లాభం లేదు, ఆర్డరు వచ్చాక కట్టె పట్టుకోవాలి.

జొన్నరొట్టె కథా అంతే. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు, కర్రతో ఒత్తితే చిట్లుతుంది. వేడినీళ్లతో కలిపి, అరచేత్తో టపటపా తడుతూ తిప్పాలి. ఆ చప్పుడు వంటింట్లోంచి వినిపిస్తుంటే కూర్చున్నవాళ్లకు ఆకలి రెట్టింపవుతుంది! ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు సూపర్‌మార్కెట్లలో రాగి బిస్కట్లు, జొన్న చిప్స్ కొన్నాను నేను. తట్టిన రొట్టె రుచి వాటిలో ఎక్కడుంది! నిజామాబాదు వైపు అంకాపూర్ ఊరు దేశీ కోడి కూరకే పేరు పడిందని కూడా ఇప్పుడే తెలుసుకున్నాను. కోడిని మొత్తంగా వండి, అన్నంతో కలిపి ఆర్డరు మీద ఇస్తారట. ఇంటిల్లిపాదీ కూర్చుని తినే లెక్క అది! మెనూలో "ఒక కోడి, ఇంటిల్లిపాదికీ" అని ఒక వరుస ఉంటే ఎంత బాగుంటుంది!

వీటికి పూర్తిగా ఎదురు తిరిగేది నెల్లూరు చేపల పులుసు. వేడిగా వద్దు, తొందరగా వద్దు! చింతపండు పులుపు, మామిడికాయ ముక్కల పులుపు, ఉప్పు, కారం, అన్నీ ముక్కలోకి దిగడానికి సమయం కావాలి. పొద్దున వండింది రాత్రికి బాగుంటుంది, రాత్రి వండింది మర్నాటికి ఇంకా బాగుంటుంది! నెల్లూరు వాళ్లకు ఇది అందరికీ తెలిసిన సంగతి. నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. "నిన్న వండినది" అని మెనూలో గర్వంగా రాసుకోదగ్గ వంట! అన్నయ్య వంటవాళ్లకు కూడా ఎంత సుఖం చూడండి. పొద్దున్నే పులుసు వండి దించేసి, సాయంత్రం రెండు చేతులూ సంగటికీ రొట్టెకీ ఇచ్చేయొచ్చు.

పప్పు సంగతి కూడా చెప్పాలి. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది మెత్తగా, త్వరగా ఉడుకుతుంది, వాసన వేరు. దానితో మామిడికాయ పప్పు, పక్కన ఊరమిరపకాయ. మెనూలో "పప్పు" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకుండా "తాండూరు కందిపప్పు" అని రాయండి, చదువుతుంటేనే నోరూరుతుంది!

నన్ను కదిలించింది ఇంకొకటుంది. నేను వంటల పేర్ల కోసమే వెళ్లాను కదా, పెద్దవాళ్లు వేరే కోరికలు చెప్పారు. పెద్ద అక్షరాలు కావాలట. తెలుగులో కావాలట. మసక దీపాల కింద సన్న అక్షరాలు చదవలేక, ఎదుటివాళ్లు ఏది చెబితే అదే తిని లేచి వస్తున్నామని ఒకావిడ అన్నారు. అది విని నాకు మనసు చివుక్కుమంది. సగం ప్లేటు కావాలట! ఒక్కరే వచ్చేవాళ్లకు, తక్కువ తినేవాళ్లకు, నాలుగు రుచులు చూడాలనుకునే నాలాంటి వాళ్లకు సగం ప్లేటు ఎంత వరం! షుగరున్న బాబాయిగారు కేలరీలు రాయమన్నారు. పది లేదా అంతకు మించి శాఖలున్న రెస్టారెంట్లు మెనూలో కేలరీలు చూపించాలని 2022 జూలై నుంచి నిబంధన ఉందట. అన్నయ్యది ఒక్కటే హోటల్, అతనికది వర్తించదు. అయినా రొట్టెకీ, సంగటికీ, అన్నానికీ రాయిస్తానన్నాడు! బంగారం మా అన్నయ్య!

రాత్రి పదికి ఏం కావాలో అడిగితే షిఫ్టు దిగి వచ్చే పిల్లలందరిదీ ఒకటే జవాబు. పెరుగన్నం! చల్లగా, ఆవాల తాలింపుతో, అల్లం ముక్కలతో, దానిమ్మ గింజలతో, పక్కన వేయించిన చల్లమిరపకాయతో! తొమ్మిదిన్నర నుంచి అదొక్కటే ఒక పేజీ. నిమ్మకాయ పెట్టిన పెరుగన్నం, ఆవకాయ పెట్టిన పెరుగన్నం, మాగాయ పెట్టిన పెరుగన్నం. ఇంకేం రాయొద్దు ఆ పేజీ మీద.

చివరగా కాలాల బోర్డు! కార్డులో అచ్చువేయలేనివన్నీ దానిమీదికి రావాలి. ఎండాకాలం మొదట్లో చింతచిగురు మాంసం, తర్వాత ముంజలు. వానలు పడగానే మక్కగారెలు, మంచి మొక్కజొన్న దొరికినన్నాళ్లే! రంజాన్ నెలలో హలీమ్. గోధుమలు, మాంసం, పప్పులు గంటలకొద్దీ ఉడికించి, కర్రలతో మెదిపి మెదిపి ముద్దచేసే ఆ హలీమ్‌కు 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన దేశంలో మాంసాహార వంటకానికి అలాంటి గుర్తింపు రావడం అదే మొదలు! చలికాలంలో తేగలు. ఉడికించిన తేగ చీల్చి, నార తీసి, మెల్లగా నములుతుంటే వచ్చే ఆ పిండిరుచి నగరంలో పుట్టిన పిల్లలకు ఎవరు చూపిస్తారు? మిఠాయి కావాలా, ఆత్రేయపురం పూతరేకులు! నాలుక మీద పెట్టగానే రేకు మాయం, బెల్లం నెయ్యి మిగులు!

అన్నిటికన్నా నన్ను గాల్లో తేలించింది జున్ను. ఈనిన గేదె తొలి పాలలో బెల్లం, మిరియాలు, యాలకులు కలిపి ఆవిరి మీద పెడితే తనంత తానే గడ్డకట్టుకుంటుంది. పెరుగు తోడు అక్కర్లేదు, గుడ్డు అక్కర్లేదు! చెంచా పెడితే వణుకుతుంది, నోట్లో పెడితే కరుగుతుంది, మిరియం వెనక నుంచి మెల్లగా కాలుతుంది! ఆ పాలు ఈనిన తర్వాత కొద్దిరోజులే దొరుకుతాయి, ఎప్పుడొస్తాయో ముందు తెలియదు. అందుకని దీనికి అచ్చులో చోటు లేదు, ధర కూడా ముందు చెప్పలేరు. ఘట్‌కేసర్ వైపు పాడి ఉన్న ఒకాయనతో అన్నయ్య మాట్లాడి పెట్టుకున్నాడు. పాలు వచ్చిన రోజు బోర్డు మీద పైన, అన్నిటికన్నా పైన, సుద్దముక్కతో "ఈ రోజు జున్ను" అని పడుతుంది. మీరూ చూడండి, ఉప్పల్ వైపు సాయంత్రం ఎప్పుడు వెళ్లినా ముందు ఆ బోర్డు చూడండి. ఆ మాట కనిపిస్తే కూర్చోవడానికన్నా ముందే, మంచినీళ్లు అడగడానికన్నా ముందే, మీ ప్లేటు చెప్పేసుకోండి. మీకోసం ఒకటి, ఇంటికి ఒకటి!